కానరాని వానిని కొలుచు విద్య

కోఠిలోని పుస్తకముల అంగళ్ల వెంట వేసవి దినములలో నడచువారికి ప్రతి సంవత్సరమును ఒకే దృశ్యము కన్పట్టుచుండును. పదవ తరగతి ముగించిన కుమారునో కుమార్తెనో వెంటబెట్టుకొని తల్లిదండ్రులు వచ్చుచుందురు. ఇంజనీరింగు ప్రవేశపరీక్షకు వలయు గైడ్లు ఒక ప్రక్కను, వైద్యవిద్య ప్రవేశపరీక్షకు వలయు గైడ్లు మఱియొక ప్రక్కను పేర్చబడి యుండును. ఈ రెంటిలో ఏ కట్టను కొనవలయునన్నదే వారి ముందున్న ప్రశ్న. మూడవ దారి యొకటి యుండవచ్చునన్న తలంపు కొనువారికిని లేదు, అమ్మువారికిని లేదు. ఆ రెండు వృత్తులును గౌరవనీయములే. వైద్యులు గాని యంత్రశాస్త్రజ్ఞులు గాని లేనిచో పట్టణము ఒక్క దినమైనను నడువజాలదు. అయితే మన కాళ్ల క్రింద నీరెంత యున్నదో, అది ఎన్నాళ్లు నిలుచునో, మన తలల మీది గాలిలోనికి మనమేమి వదలుచున్నామో కొలిచి చెప్పు వృత్తి యొకటి కలదు. దానిని గుఱించి మన పిల్లలకు చెప్పువారు అరుదు. ఆ లోపమును కొంతవఱకైనను పూరించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

నేల క్రింది నీరు కంటికి కానరాదు. మీథేను అను వాయువునకు రంగు లేదు, వాసన లేదు. కానరాని వస్తువులను గుఱించి లోకములో రెండు విధములగు మాటలు పుట్టుచుండును. కొన్ని భయముచే పుట్టును. కొన్ని లాభాపేక్షచే పుట్టును. ఈ రెంటి నడుమ నిలిచి, సీసాతో నీటిని, సిరంజితో గాలిని పట్టుకొనిపోయి, పరీక్షించి, “ఇంత యున్నది, ఇంతకు మించి లేదు” అని చెప్పువాడే పర్యావరణ శాస్త్రజ్ఞుడు. నా అభిప్రాయమును మొదటనే చెప్పుచున్నాను. నిజమైన కొలత బీదవానికి రక్షణ. ధనవంతుని బావి చేదెక్కినచో అతడు వేఱొక నీటిని కొనగలడు. అతనిపై నింద పడినచో ప్లీడరును పెట్టుకొనగలడు. బీదవాని పక్షమున సాక్ష్యము చెప్పునది తఱచుగా ఒక అంకె మాత్రమే. కావున ఈ కొలుచు విద్యను మన పాఠశాలలో నేర్పవలయును, మన గృహములలో గౌరవింపవలయును.

ఈ వృత్తియొక్క స్వభావము తెలియుటకు అమెరికా దేశీయుడగు రాబర్టు జాక్సనుగారి జీవితమును చూడవచ్చును. ఆయన మొదట రసాయన ఇంజనీరింగు చదివి, డౌ అను రసాయన కంపెనీలో కొంతకాలము ఉద్యోగము చేసెను. పిమ్మట ఆ కొలువును విడిచి జీవావరణ శాస్త్రమును అభ్యసించి, 1992లో యూటా స్టేటు విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమును పొందెను. ఇంజనీరింగు చదివినంత మాత్రమున ఈ దారి మూసికొనిపోదని మన విద్యార్థులు దీనివలన గ్రహింపవచ్చును.

ఆయన డ్యూక్ విశ్వవిద్యాలయమునందుండగా పెన్సిల్వేనియా, న్యూయార్కు రాష్ట్రములలో ఒక వివాదము చెలరేగియుండెను. అచ్చట భూమిలో మిక్కిలి లోతున నున్న షేలు రాతిని పగులగొట్టి కంపెనీలు సహజవాయువును తీయుచుండెను. తమ మంచినీటి బావులలో గ్యాసు చేరుచున్నదని గ్రామస్థులు మొఱపెట్టిరి. అట్టిదేమియు లేదని కంపెనీలు పలికెను. జాక్సనుగారును ఆయన సహచరులును ఇండ్లకు పోయి బావుల నీటిని పట్టి పరీక్షించి 2011లో ఫలితములను ప్రకటించిరి. తవ్వకములు జరుగుచున్న చోట్లకు దగ్గఱగా నున్న బావులలో మీథేను సగటున 17 రెట్లు అధికముగా నుండెను. అయితే రాతిని పగులగొట్టుటకు వాడు రసాయన ద్రవము బావులలో చేరినట్లు ఆధారము కనబడలేదని ఆ వ్యాసమునందే వారు వ్రాసిరి. ఈ రెండవ వాక్యమును మీరు ప్రత్యేకముగా గమనింపవలయును. మొదటి మాట కంపెనీలకు రుచింపదు; రెండవ మాట వారిని ఎదిరించువారికి రుచింపదు. కొలిచినవాడు ఎవరి మెప్పును చూడక రెంటిని చెప్పవలయును. అదియే ఈ వృత్తికి ప్రాణము.

తరువాత ఆయన స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు పోయి వంటయిండ్లలోని గ్యాసు పొయ్యిలను పరీక్షించెను. ఆ పొయ్యిల నుండి వెలువడు మీథేనులో నాలుగింట మూడు వంతులకు మించినది పొయ్యి ఆర్పియున్న సమయముననే కారుచున్నదని ఆయన బృందము 2022లో తెలిపినది. మన యిండ్లలోని సిలిండర్లలో నుండునది ప్రొపేను, బ్యూటేను అను వేఱు వాయువులు. నగరములో కొన్ని ప్రాంతములకు గొట్టముల ద్వారా వచ్చుచున్న గ్యాసు మాత్రము ముఖ్యముగా మీథేనే.

ఇంతకును మీథేను అననేమి? 1776లో ఇటలీ దేశస్థుడగు వోల్టా పండితుడు మజ్జోరె సరస్సులోని చిత్తడిని కఱ్ఱతో కలిపి, పైకి వచ్చిన బుడగలను సీసాలో పట్టి, ఆ గాలి మండుచున్నదని కనుగొనెను. గాలి సోకని బురదలో ఆకులలములు క్రుళ్లునప్పుడు సూక్ష్మజీవులు ఈ వాయువును పుట్టించును. వరిమడిలోను, పశువుల కడుపులోను, మురుగుకాలువలోను, చెత్తకుప్పలోను పుట్టునది ఇదియే. ఇది గాలిలో సుమారు 12 సంవత్సరములు మాత్రమే నిలుచును. కాని 20 సంవత్సరముల కాలమునకు లెక్కించినచో, ఒక టన్ను బొగ్గుపులుసు వాయువు నిలుపు వేడిమికంటె ఒక టన్ను మీథేను 80 రెట్ల వేడిమిని నిలుపును. అల్పాయుష్కమగుటచే దీనిని తగ్గించినచో ఫలము త్వరగా కనబడును. దీనిని గుఱించి దేశదేశముల ప్రభుత్వములు ఇంతగా చర్చించుటకు కారణమిదే.

ఆ చర్చలలో మన రైతు ఒకప్పుడు ముద్దాయిగా నిలువవలసి వచ్చెను. 1990 ప్రాంతమున అమెరికా ప్రభుత్వపు పర్యావరణ సంస్థ వేసిన అంచనాలో భారతదేశపు వరిపొలముల నుండి ఏటేట సుమారు 3 కోట్ల 70 లక్షల టన్నుల మీథేను వెలువడుచున్నదని చెప్పబడెను. అది మన పొలములలో కొలిచిన లెక్క కాదు. ఐరోపా, అమెరికా ఖండములలో ఎడతెగక నీరు నిలిపి, సేంద్రియ పదార్థము హెచ్చుగా గల మడులలో తీసిన కొలతలను మన భూముల విస్తీర్ణముతో హెచ్చించి తెచ్చిన లెక్క. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలకు చెందిన ఏ.పి. మిత్రాగారు దీనిని వట్టి ఉపన్యాసముతో ఖండింపలేదు. 1991లో దేశములోని పెక్కు సంస్థల శాస్త్రజ్ఞులను కూడగట్టి పొలములలోనే కొలిపించిరి. వరి దుబ్బులపై పారదర్శకమగు పెట్టెను బోర్లించి, కొన్ని నిమిషముల కొకసారి సిరంజితో లోపలి గాలిని తీసి, ప్రయోగశాలలో పరీక్షించుటయే వారి పద్ధతి. తేలిన మొత్తము సుమారు 40 లక్షల టన్నులు. అనగా మోపిన నిందలో తొమ్మిదింట ఒక వంతు!

మన మడులలో అనేకము వానపై ఆధారపడినవి, నడుమనడుమ ఆరిపోవునవి, సేంద్రియ పదార్థము తక్కువగా గలవి. ఇది రైతుకు తెలిసిన సంగతియే. కాని రైతు మాటను జెనీవాలోను వాషింగ్టనులోను ఎవరు విందురు? పెట్టెలోని గాలి సాక్ష్యము చెప్పిన పిమ్మట వినక తప్పలేదు. ఆ మండుటెండలో, మోకాలిలోతు బురదలో నిలిచి సిరంజిలు నింపిన యువకుల పేరులు మనకు తెలియవు. దేశముపై నున్న ఒక అబద్ధపు అప్పును వారు తీర్చిరని నేను తలంచుచున్నాను.

ఇక నీటి సంగతి. 1937లో షార్టు మొదలగు వైద్యులు, అప్పటి నెల్లూరు జిల్లాలో నుండి పిమ్మట ప్రకాశము జిల్లాలో చేరిన దర్శి, కనిగిరి, పొదిలి ప్రాంతములలో ఒక వింత వ్యాధిని వర్ణించి ప్రకటించిరి. పిల్లల పండ్లు గోధుమవన్నెకు తిరుగుచుండెను. పెద్దల వెన్నెముకలు బిగిసికొనిపోయి, నడుములు వంగిపోవుచుండెను. కారణము బావినీటిలో కరగియున్న ఫ్లోరైడు. నల్లగొండ జిల్లా గ్రామములును ఇదే బాధను తరతరములుగా అనుభవించెను. ఆ నీరు తేటగానే యుండును, రుచికి చెడుగానుండదు. నీటిలో లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడు చిరకాలము త్రాగదగదని నేడు మన ప్రమాణములు చెప్పుచున్నవి. ఆ కొలత రాకమునుపు వంగిన నడుము గలవానికి లోకము చెప్పిన కారణమేమి? కర్మమని కొందఱు, వంశదోషమని కొందఱు. నీటిని పరీక్షించిన దినమున ఆ నింద మనుష్యుని విడిచి రాతిపై పడినది. రోగికి ఆ దినముననే మందు దొరకకపోయినను, అతని పిల్లలకు వేఱు నీరు తేవలెనను వాదమునకు బలము దొరకినది.

మన హైదరాబాదు చుట్టునున్న నేల సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటి గ్రానైటు రాయి. ఇసుకనేలవలె ఇది నీటిని హెచ్చుగా నిలుపుకొనజాలదు. మీదనున్న చివికిన పొరలోను, దాని క్రింది పగుళ్లలోను మాత్రమే నీరుండును. 1961లో స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ మన ఉప్పలు రోడ్డునందున్నది. అచ్చట 1999లో భారత–ఫ్రెంచి భూగర్భజల పరిశోధన కేంద్రము ఏర్పడినది. షకీల్ అహ్మద్‌గారును ఫ్రెంచి శాస్త్రజ్ఞులును కలిసి, నగరమునకు దక్షిణమున నున్న మహేశ్వరము వద్ద సుమారు 53 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రదేశమును ఏండ్ల తరబడి పరిశీలించిరి. అంత చిన్న ప్రదేశములోనే 700కు పైగా బోరుబావులుండెను. నీటిని వహించు పగుళ్లు చాలవఱకు పైపొరలలోనే యున్నవనియు, లోతునకు పోయినకొలది అవి అరుదగుచున్నవనియు వారు చూపిరి.

ఈ మాటయొక్క విలువ ఎంతటిదో ఆలోచింపుడు. ఒక బోరు ఎండినచో రైతు అప్పు చేసి రెండవది త్రవ్వించును. అదియు ఎండినచో పుస్తెలు కుదువబెట్టి వేయి అడుగులకు త్రవ్వించును. “ఇంకను లోతునకు పోయినచో గంగ దొరకును” అని బోరు యంత్రము గలవాడు ఆశ చూపును, ఏలయన వాని కూలి అడుగుల లెక్కన వచ్చును. ఆ లోతున రాయి తప్ప నీరుండుట అరుదని ముందే తెలిసియున్నచో ఎన్ని కుటుంబములు ఋణవిముక్తములై యుండెడివి! శాస్త్రజ్ఞుని నివేదిక గ్రంథాలయపు బీరువాలోనే నిలిచిపోయి, బోరు యంత్రము ఊరిలో తిరుగుచున్నంతకాలము ఈ విపత్తు తప్పదు.

అదే సంస్థకు చెందిన వి.ఎం. తివారిగారు ఇరువురు అమెరికా శాస్త్రజ్ఞులతో కూడి, 2002లో ఆకాశమునకు పంపబడిన గ్రేస్ అను జంట ఉపగ్రహముల కొలతలను పరిశీలించిరి. భూమి యాకర్షణ ఎచ్చట కొంచెము తగ్గినను ఆ జంట మధ్య దూరము వెండ్రుక వాసి మారును. దానినిబట్టి ఉత్తర భారతమునందును ఇరుగుపొరుగు ప్రాంతములందును ఏటికి సుమారు 54 ఘన కిలోమీటర్ల భూగర్భజలము తరిగిపోవుచున్నదని వారు 2009లో ప్రకటించిరి. మన కొలతలో చెప్పినచో దాదాపు 1,900 టి.ఎం.సి.లు; నేటి నాగార్జునసాగరము నిండుగా నిలుపుకొనగల నీటికి ఆఱు రెట్లు. బావి గట్టున నిలిచి చూచువానికి తన బావి మాత్రమే కనబడును. దేశపు బావులన్నిటిని ఒక్కసారి చూచుటకు ఈ విద్య కావలసివచ్చినది.

ఈ రెండు సంగతులు, అనగా మీథేనును భూగర్భజలమును, ఒక్కచోట కలిసికొను స్థలము మన వరిమడి. తెలంగాణములో వరి విస్తీర్ణము ఎంతయో పెరిగినది. దానిలో గొప్ప భాగము బోరునీటితో పండుచున్నది. మడిలో ఎల్లప్పుడును నీరు నిలిపినచో నేల క్రింది నీరు తరుగును. బురదలో మీథేను పుట్టును. ఈ రెంటికిని ఒకే మందు కలదు: నడుమనడుమ మడిని ఆరనిచ్చుట. హెన్రీ ద లౌలానియె అను జెస్యూట్ ఫాదిరిగారు మడగాస్కరు ద్వీపములో బీదరైతుల నడుమ ఏండ్ల తరబడి మసలి, 1983 ప్రాంతమున ఒక క్రొత్త సాగు పద్ధతిని కూర్చిరి. లేతనారును ఒంటరిగా దూరదూరముగ నాటుట, మడిని తడిపి ఆరబెట్టుచుండుట అందలి ముఖ్యాంశములు. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులగు ఆలపాటి సత్యనారాయణగారు 2003లో దానిని తెలుగు రైతులకు పరిచయము చేసిరి. ‘శ్రీవరి’ అని మన పల్లెలలో పిలువబడినది అదియే.

దానికి సోదరమగు మఱియొక పద్ధతి కలదు. అడుగుభాగమున రంధ్రములు చేసిన జానెడున్నర గొట్టమును మడిలో పాతిపెట్టవలయును. గొట్టములోని నీరు నేలమట్టమునకు 15 సెంటీమీటర్లు క్రిందికి దిగినప్పుడే మరల తడుపవలయును. పూతదశలో మాత్రము నీరు నిలుపవలయును. ఇట్లు చేసినచో దిగుబడి తగ్గకయే నీరు గణనీయముగ మిగులుననియు, మీథేను మూడవవంతు మొదలు సగము వఱకు తగ్గుననియు పెక్కు ప్రయోగములలో తేలినది. నత్రజని యెరువును అదుపులేక చల్లినచో ఆరిన మడి నుండి నైట్రసు ఆక్సైడు అను వేఱొక వాయువు పెరుగునని హెచ్చరించినవారును ఈ కొలతగాండ్రే. కొన్ని రూపాయల గొట్టపు ముక్కలో ఇంతటి శాస్త్రము ఇమిడియున్నది.

కొలుచుట పండితుల సొత్తు మాత్రమేనా? కాదు. 2003 మొదలు కొన్ని సంవత్సరములు ఉమ్మడి ఆంధ్రప్రదేశములో, అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబునగరము, నల్లగొండ, ప్రకాశము అను ఏడు కఱవు జిల్లాలలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతులే భూగర్భజలమును కొలుచు ప్రయత్నము జరిగినది. ఆఱు వందలకు పైబడిన ఊళ్లలో రైతులు, రైతుస్త్రీలు వానను కొలిచిరి, బావుల నీటిమట్టమును కొలిచిరి, ఆ అంకెలను ఊరిగోడపై వ్రాసిరి. రబీ పంటకు ముందు అందఱును కూర్చుండి, ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసినదెంత అని లెక్క చూచుకొనిరి. ఎవరిపైనను జరిమానా లేదు, బలవంతము లేదు. అయినను చాల చోట్ల రైతులు తామే వరిని తగ్గించి ఆరుతడి పంటలకు మరలిరి. 2010లో ప్రపంచ బ్యాంకు వెలువరించిన నివేదిక ఈ ప్రయత్నమును ప్రశంసించినది. వ్రాత రానివారు సైతము గోడమీది అంకెను చదువ నేర్చినప్పుడు, చట్టము చేయలేని పనిని లెక్క చేసినది.

పల్లెల మాట యట్లుండ, మన కోఠి మాటేమి? మన పాఠశాల నుండి కొంచెము దూరము నడచి చాదరుఘాటు వంతెనపై నిలిచినచో మూసీనది కనబడును. మురుగు నీటిపై లేచు బుడగలను విద్యార్థులు చూచియే యుందురు. వోల్టా పండితుడు సరస్సులో పట్టిన గాలియు ఆ బుడగలలో నుండును. మనము మధ్యాహ్నము తిని మిగిల్చిన అన్నము, కూరల తొక్కలు, సుల్తాను బజారులో అమ్ముడుపోని పండ్లు లారీలకెక్కి నగరపు ఈశాన్య భాగమున నున్న జవహరునగరమునకు పోవుచున్నవి. అచ్చట సంవత్సరముల తరబడి పేరుకొన్న చెత్త కొండయైనది. దాని గర్భమున గాలి సోకక మీథేను పుట్టును. దాని అడుగున నల్లని రసము ఊరును. ఆ రసము చేరి మల్కారం చెఱువు చెడిపోయినది. చుట్టుప్రక్కల ఊళ్ల బావులును చెడిపోయినవి. ఇటీవలి సంవత్సరములలో పాతచెత్తపై కప్పు వేయుట, రసమును శుద్ధిచేయుట, చెత్తను కాల్చి విద్యుత్తు తీయుట మొదలగు పనులు జరిగినవి. అయినను మొదటి ప్రశ్న మిగిలియే యున్నది. కోఠిలో తడిచెత్తను పొడిచెత్తతో కలిపి పాఱవేయు చేయి మనది. చేదునీరు త్రాగిన నోరు మఱియొకరిది. ఈ రెంటికిని గల సంబంధమును కన్నులు చూడలేవు, కొలత చూపగలదు.

కొందఱు తల్లిదండ్రులు ఇట్లనవచ్చును: “మాస్టరుగారూ, మాటలు బాగుగనే యున్నవి. ఈ చదువు కూడు పెట్టునా?” ఇది న్యాయమైన ప్రశ్నయే. దీనికి సమాధానము మన నగరమే చెప్పుచున్నది. ఉప్పలు రోడ్డునందు భూభౌతిక సంస్థ, బాలానగరమున ఉపగ్రహముల ద్వారా భూమిని పరిశీలించు జాతీయ దూరసంవేదన కేంద్రము, రాజేంద్రనగరమున భారత వరి పరిశోధన సంస్థ, పటాన్‌చెరువున 1972లో ఏర్పడిన అంతర్జాతీయ మెట్టపంటల సంస్థ, ఇవిగాక రాష్ట్ర భూగర్భజలశాఖ. ఇన్ని సంస్థలు ఒక్క పట్టణములో నుండుట దేశములో అరుదు. మన అబిడ్సు, గన్‌ఫౌండ్రీ ప్రాంతపు భవనములలో 1919లో తరగతులు మొదలిడిన ఉస్మానియా విశ్వవిద్యాలయములో భూగర్భశాస్త్రము బోధింపబడుచున్నది. ఈ దారిని పోయినవాడు కోటీశ్వరుడగుట దుర్లభమే; కాని గౌరవముగా బ్రదుకుటకు వలయు జీతము కలదు. కుమార్తెలకు ఎండలో తిరుగు పని తగదనువారు, ఊరిబావుల నీటిమట్టములు కొలిచి వ్రాసిన రైతుస్త్రీలను తలంచుకొందురు గాక.

మఱి కొందఱు ఇంతకంటె గట్టి ఆక్షేపణ చేయుదురు: “కొలిచినంత మాత్రమున ఏమి బాగుపడినది? నల్లగొండ నీటి సంగతి తెలిసిన పిమ్మటను ఎన్ని తరములు బాధపడలేదు?” ఇది నిజము. కొలత మందు కాదు, రోగనిర్ణయము మాత్రమే. నిర్ణయమునకును చికిత్సకును నడుమ నున్న ఆలస్యము పాలకులది, ప్రజలది, మనయందఱిది. ఆ ఆలస్యమునకు సిగ్గుపడవలసినది కొలిచినవాడు కాడు. అంతేకాదు, అంకె లేనిచో ఆ ఆలస్యమును ఆలస్యమని నిరూపించుటకైనను వీలులేదు. అడుగువానికి చేతిలో కాగితముండవలయును.

కావున పాఠశాల అధికారులకును, ఉపాధ్యాయ మిత్రులకును ఒక చిన్న విన్నపము. మన ఆవరణలో ఒక వర్షమాపకమును నిలుపుదము. మన బోరుబావిలోని నీటిమట్టమును వారమునకొకసారి, మోటారు వేయకమునుపు, ఉదయమున కొలుతము. ఎనిమిదవ తరగతివారు ఈ పనిని చేపట్టి, తేదీ, వాన, మట్టము అను మూడు గడులతో ఒక రిజిస్టరును వ్రాసి, సంవత్సరాంతమున తరువాతి తరగతికి అప్పగింతురు గాక. తడిచెత్తను వేఱుగ తూచి ఆవరణలోనే ఎరువు చేయుట దానికి తోడగును. ఈ లెక్క కష్టమైనది కాదు. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన కురిసినచో ఒక లీటరు నీరగును. హైదరాబాదులో సగటున ఏటికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడును. 500 చదరపు మీటర్ల మిద్దెపై పడునది 4,00,000 లీటర్లు, అనగా 5,000 లీటర్ల ట్యాంకర్లు 80. ఇందులో ఎంత నేలలోనికి ఇంకుచున్నది, ఎంత మురుగుకాలువలో కలియుచున్నది? పుస్తకములోని వైశాల్యపు లెక్కకును మనము త్రాగు నీటికిని ఉన్న సంబంధము ఆ దినమున బాలబాలికలకు తెలియును.

ఒక సంవత్సరపు రిజిస్టరు వలన గొప్ప జ్ఞానము రాదు. పది సంవత్సరముల రిజిస్టరు ఈ వీధికంతయు ఉపయోగపడును. ముప్పది సంవత్సరములది శాస్త్రజ్ఞులు అడిగి తీసికొనిపోదగినది యగును. ప్రారంభించినవాడు ఫలమును చూడకపోవచ్చును. పదవ తరగతి ముగించి వెడలిపోవును. అయినను తన చేతివ్రాతలోని అంకె తరువాతివాని అంకె ప్రక్కన నిలిచి మాటలాడును. విద్యార్థులారా, కనబడుదానిని చూచుట అందఱికిని వచ్చును. కనబడనిదానిని ఓర్పుతో కొలిచి, ఉన్నది ఉన్నట్లు వ్రాసి, వ్రాసినదానికి కట్టుబడియుండుట నేర్చుకొనవలసిన విద్య. మీలో ఒక్కరైనను దానిని జీవితవృత్తిగా స్వీకరించినచో, తల్లిదండ్రులారా, ఆ బిడ్డను వారింపవలదు. రాబోవు జూన్ నెలలో పాఠశాల తెఱచినప్పుడే తొలకరి వచ్చును. ఆ మొదటి వాననే మనము కొలిచి వ్రాయుదము.